కరెంట్ పోయిందని చెప్పే బోర్డుకు కరెంట్ ఎక్కడిది?

ఈ ఎపిసోడ్‌లో కోడ్ లేదు, యాప్ లేదు. మొత్తం బ్యాటరీ ముచ్చటే. రాస్ప్‌బెర్రీ పై గానీ, ఈఎస్‌పీ32 గానీ, ల్యాప్‌టాప్‌కి కేబుల్ పెట్టి టేబుల్ మీద నడిపితే అందరిదీ నడుస్తది. ఆ కేబుల్ పీకి బోర్డుని పొలానికి తీస్కపోయినప్పుడు అసలు కథ మొదలైతది. నా బోర్డు పొలంలో మూడు సార్లు చచ్చింది. మూడు సార్లూ తప్పు నాదే. ఆ మూడు చావులూ వరుసగా చెప్తా, మీ డబ్బులు మిగులుతాయి.

ముందు ఈ బోర్డు ఎందుకో చెప్పాలి. మాది డిచ్‌పల్లి దిక్కు. నిజాంసాగర్ కాలువ నీళ్లు అందే బోధన్, వర్ని దిక్కు ఒక లెక్క, బోరు మీద బతికేటోళ్లది ఇంకో లెక్క. మా మామది బోరు పొలం. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంట్ మొదలైంది, అంతకు ముందు రాత్రి పూట వంతు కరెంట్ కోసం బాయి కాడ పండుకున్న రోజులు మామకు ఇంకా యాది ఉన్నయి. ఇప్పుడు ఆ బాధ లేదు. కానీ గాలివాన వస్తే తీగ తెగుతది, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫ్యూజ్ పోతది. సాయంత్రం ఏడింటికి పోయిన కరెంట్ రాత్రి ఒంటి గంటకు వస్తదో, తెల్లారినాక వస్తదో ఎవ్వరికీ తెల్వదు. యాసంగి వరి పొట్ట దశలో ఉన్నప్పుడు మడి ఆరిపోతే మామకు నిద్ర పట్టదు. లేచి, టార్చ్ పట్టుకొని గట్టు మీద నడిచి పోయి స్టార్టర్ డబ్బా చూసి వస్తడు. ఒకనాటి రాత్రి ఆ డబ్బా కిందనే కట్లపాము ఉంది. టార్చ్ వెలుగు పడ్డది కాబట్టి సరిపోయింది.

తెల్లారి మా అత్త నాకు ఫోన్ చేసింది. "నువ్వు చదువుకున్నవు గదా బిడ్డా, ఇంట్ల కూసుంటెనే కరెంట్ వచ్చింది లేంది తెలిసేటట్టు ఏమన్న చెయ్యరాదు?" అన్నది.

మొబైల్ స్టార్టర్లు బజార్ల దొరుకుతయి, నాకు తెలుసు. మామ దగ్గర కూడా ఒక పాతది ఉంది. దాంతో చిక్కు ఏందంటే, కరెంట్ ఉన్నప్పుడే అది మాట్లాడుతది. కరెంట్ పోతే దాని ప్రాణం కూడా పోతది. కరెంట్ లేని టైంలోనే కదా మనకు దాని అవసరం! అందుకే నా బోర్డుకు సొంత బ్యాటరీ ఉండాలి అనుకున్న.

మొదటి చావు. ఇంట్ల రాస్ప్‌బెర్రీ పై 4 ఉంది, 10000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ ఉంది. పదివేలు అంటే మస్తు పెద్ద నంబర్ కదా, వారం నడుస్తదనుకున్న. సాయంత్రం ఆరింటికి పెట్టి వచ్చిన. తెల్లవారుజామున నాలుగింటికే చచ్చింది. ఐదున్నరకు కరెంట్ వచ్చింది, మెసేజ్ రాలే.

ఇక్కడ లెక్క జర నిమ్మళంగా వినండి. ఎంఏహెచ్ అంటే బస్తాల సంఖ్య అనుకోండి. వోల్టేజ్ అంటే ఒక్కో బస్తా బరువు. ఎన్ని బస్తాలు అని చెప్తే ధాన్యం ఎంతో తెలుస్తదా? బస్తా ఎన్ని కిలోలదో కూడా చెప్పాలి. పవర్ బ్యాంక్ లోపల ఉండేది 3.7 వోల్టుల లిథియం సెల్. 10000 ఎంఏహెచ్ అంటే 10 ఆంపియర్ అవర్, దాన్ని 3.7తో గుణిస్తే 37 వాట్ అవర్. అసలు ధాన్యం అది. పై బోర్డుకు కావాల్సింది 5 వోల్టులు. అంటే 37 కిలోల బస్తాలు పది విప్పి, 50 కిలోల బస్తాలుగా మళ్లీ కట్టాలన్నట్టు. ఏడున్నర కూడా రావు. కట్టేటప్పుడు కొంత కింద ఒలుకుతది, అది వేడి రూపంలో పోతది. పవర్ బ్యాంక్ వెనక చిన్న అక్షరాల్లో రేటెడ్ కెపాసిటీ అని ఇంకో నంబర్ ఉంటది చూడండి, ఆరు వేల చుట్టుపక్కల. చేతికి వచ్చేది అదే. అంటే సుమారు 31 వాట్ అవర్. పై 4 ఏ పనీ చెయ్యకుండా ఖాళీగా కూసున్నా దాదాపు 3 వాట్లు తింటది. 31ని 3తో భాగిస్తే పది గంటలు. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారి నాలుగు. లెక్క ముందే వేసుకుంటే పొలానికి పోయే పనే లేకుండె.

ఇంకో దెబ్బ కూడా తగిలింది. పై లోపల లినక్స్ నడుస్తది, ఎస్‌డీ కార్డ్ మీద రాస్తూ ఉంటది. బ్యాటరీ ఒక్కసారిగా పోతే రాసేది మధ్యలోనే ఆగిపోతది. నా కార్డ్ ఖరాబైంది, మళ్లీ మొత్తం ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చింది. వోల్టేజ్ 4.63 కిందికి దిగితే స్క్రీన్ మీద పసుపు రంగు మెరుపు గుర్తు వస్తది, చాలామంది దాన్ని పట్టించుకోరు. పొలంలో స్క్రీనే ఉండదు, ఇగ ఎవరు చూస్తరు? కెమెరా, మొఖం గుర్తుపట్టుడు, ఇట్లాంటి పెద్ద పనికి పై కరెక్టే. కరెంట్ ఉందా లేదా అని ఒక్క ముక్క చెప్పడానికి దాన్ని పెట్టుడంటే, ఒక ఉత్తరం ఇయ్యడానికి లారీ కట్టుకొని పోయినట్టే.

రెండో చావు. ఈసారి ఈఎస్‌పీ32 పట్టిన. దానికి సిమ్800ఎల్ అనే చిన్న జీఎస్ఎం మాడ్యూల్ తగిలించిన, ఎస్ఎంఎస్ పంపడానికి. ఇది 2జీ మాడ్యూల్, జియో సిమ్ వేస్తే పనిచెయ్యదు, జియోకు 2జీ లేదు. మా దిక్కు ఎయిర్‌టెల్ సిగ్నల్ బాగుంటది, అదే వేసిన.

ఈఎస్‌పీ32లో మంచి గుణం ఏందంటే, డీప్ స్లీప్ ఉంటది. మెలకువగా ఉండి వైఫై నడిపితే వంద మిల్లీ ఆంపియర్ దాకా లాగే చిప్పు, డీప్ స్లీప్‌లో 10 మైక్రో ఆంపియర్‌కు దిగుతది. పదివేల వంతు! నాకు వైఫై అవసరమే లేదు, పొలంలో వైఫై ఎక్కడిది? అందుకే ఎప్పుడూ పండుకునేటట్టు పెట్టిన. కరెంట్ పోయినప్పుడు, వచ్చినప్పుడు మాత్రమే లేవాలి. షెడ్డులో ఒక ప్లగ్గుకు ఫోన్ చార్జర్ పెట్టిన, దాని 5 వోల్టులు రెండు రెసిస్టర్ల నుంచి తగ్గించి బోర్డు పిన్‌కు ఇచ్చిన. చార్జర్ ఆరిపోతే పిన్ సున్నా అయితది, బోర్డు లేస్తది.

ఇక్కడ ఒక మాట. స్టార్టర్ డబ్బాలో మీరు చేయి పెట్టకండి. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు ఉంటది, ఫోన్ చార్జర్‌ని దానికి తగిలిస్తే పేలుతది, మీకు తగిలితే అంతకంటే అధ్వానం. సింగిల్ ఫేజ్ ప్లగ్గు ఎలక్ట్రీషియన్‌తోనే పెట్టించుకోండి. మేం అట్లనే చేసినం. ఒక చార్జర్ ఒక్క ఫేజే చూస్తది, మిగతా రెంటి సంగతి దానికి తెల్వదు, అది కూడా మామకు చెప్పిన.

సరే, బోర్డు పండుకుంది. పవర్ బ్యాంక్ పెట్టి ఇంటికి వచ్చిన. ఈసారి పది గంటలు కాదు, అర నిమిషంలో చచ్చింది! మూడు సార్లు తిప్పి తిప్పి పెట్టినా అంతే. ఎందుకంటే పవర్ బ్యాంక్ ఫోన్ కోసం చేసింది. కరెంట్ మరీ తక్కువ లాగుతుంటే, ఫోన్ నిండింది, తీసేసిండ్రు అనుకొని దానికదే ఆఫ్ అయితది. నేను కష్టపడి బోర్డుని పండబెడితే, దాన్ని చూసి పవర్ బ్యాంక్ కూడా పండుకుంది. కొందరు కావాలని నిమిషానికోసారి కరెంట్ లాగించి దాన్ని మెలకువగా ఉంచుతరు. అది ఆకలి తీర్చుకోవడానికి అన్నం పారబోసినట్టు అనిపించింది నాకు. పవర్ బ్యాంక్ ఆలోచన అక్కడితో బంద్.

మూడో చావు నుంచి నేర్చుకున్నదే ఎక్కువ. విడి సెల్స్ కొన్న. 18650 అంటరు, 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలో ఉండేవి అవే. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ అని రాసి ఉన్నవి అగ్గువకు కనబడితే తీసుకున్న. ఇప్పుడైతే నవ్వొస్తది. ఆ సైజు డబ్బాలో మామూలుగా దొరికే మంచి సెల్ 2000 నుంచి 3500 మధ్యనే ఉంటది. 9900 అనేది అచ్చు వేసే మిషన్‌లో ఉంటది, సెల్‌లో ఉండదు. మా ఊర్లో బంగారం పని చేసే అన్న దగ్గర తూకం వేయించిన. మంచి సెల్ 45 గ్రాముల పైన తూగాలె, ఇది 28 గ్రాములు. లోపల సగం ఖాళీయో, ఇసుకనో, ఆ దేవునికే తెల్వాలె.

అయినా ఈఎస్‌పీ32 దాని మీద బానే నడిచింది. పండుకుంది, లేచింది. మెసేజ్ పంపే టైంకు మాత్రం రీస్టార్ట్ అయ్యేది. మళ్లీ లేచి నెట్‌వర్క్ వెతికేది, పంపబోయేది, మళ్లీ రీస్టార్ట్. రాత్రంతా అదే తంతు, తెల్లారే వరకు సెల్ ఖాళీ. నాకు రెండు రోజులు కోడ్‌లోనే తప్పు ఉందనిపించింది. అసలు కథ ఏందంటే, సిమ్800ఎల్ టవర్‌తో మాట్లాడేటప్పుడు కంటికి కనబడనంత చిన్న క్షణాల పాటు 2 ఆంపియర్ల దాకా లాగుతది. సగటు చూస్తే తక్కువే, మీటర్ మీద ఏం కనబడదు. ఆ క్షణంలో నాసిరకం సెల్ వోల్టేజ్ ధబేల్‌మని పడిపోతది. ఈ మాడ్యూల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్యనే ఉండాలె. 3.4 కిందికి పోయిందంటే ఆఫ్. అంటే ఏదన్నా చెప్పడానికి నోరు తెరిచినప్పుడల్లా గొంతు పడిపోయేది, పాపం.

పెద్ద దుకాణంలో బిల్లుతో 2600 ఎంఏహెచ్ మంచి సెల్ తెచ్చిన. మాడ్యూల్ పక్కనే 2200 మైక్రో ఫారడ్ కెపాసిటర్ పెట్టిన, వైర్లు మందంగా, పొట్టిగా కట్ చేసిన. అంతే, మొదటి ప్రయత్నంలోనే మెసేజ్ పోయింది. కోడ్‌లో ఒక్క అక్షరం మార్చలే.

ఇప్పుడు అసలు లెక్క. మీ దగ్గర మల్టీమీటర్ లేకపోతే ముందు అది కొనండి, బ్యాటరీ తర్వాత కొందురు. మీటర్‌ని వైర్ మధ్యలో పెట్టి కరెంట్ కొలవాలి, ఎర్ర వైర్ ఆంపియర్ రంధ్రంలో ఉందో లేదో చూసుకోండి. నా సెల్ 2600 అయినా, 3.4 వోల్టుల కిందికి వాడలేను కాబట్టి చేతికి వచ్చేది 2000 అనుకున్న. బోర్డు, మాడ్యూల్ రెండూ మెలకువగా ఉంటే సగటున 80 మిల్లీ ఆంపియర్. 2000ని 80తో భాగిస్తే 25 గంటలు, ఒక్క రోజు. నిద్రపుచ్చితే 10 మిల్లీ ఆంపియర్. 200 గంటలు, ఎనిమిది రోజులు.

మీకు డౌట్ రావాలి ఇక్కడ. చిప్పు 10 మైక్రో ఆంపియర్ అన్నవు కదా, 10 మిల్లీ ఎక్కడి నుంచి వచ్చిందని. ఆ నంబర్ చిప్పుది, మనం కొనేది బోర్డు. బోర్డు మీద ఎర్ర ఎల్ఈడీ రాత్రింబగళ్లు వెలుగుతుంటది. యూఎస్‌బీ చిప్పు ఒకటి ఉంటది. ఏఎంఎస్1117 అనే రెగ్యులేటర్ ఏ పనీ లేకున్నా దానికదే 5 మిల్లీ ఆంపియర్ తింటది. ఇంట్ల అందరూ పండుకున్నా వరండాలో లైటు, ఫ్యాను నడుస్తున్నట్టు. పైగా ఆ రెగ్యులేటర్‌కు 3.3 ఇయ్యాలంటే నాలుగున్నర వోల్టుల దాకా కావాలె, లిథియం సెల్ ఫుల్ చార్జ్‌లోనే 4.2. నేను ఎల్ఈడీ పీకేసిన, డెవ్ బోర్డు పక్కనపెట్టి ఉత్త మాడ్యూల్ తీసుకొని హెచ్‌టీ7833 రెగ్యులేటర్ సోల్డర్ చేసిన. జీఎస్ఎం కూడా స్లీప్‌లో పెట్టిన. మొత్తం 2 మిల్లీ ఆంపియర్‌కు దిగింది. రోజుకు 48. ఒక మెసేజ్‌కు అర నిమిషం, సగటున 300 అనుకుంటే రెండున్నర ఎంఏహెచ్, రోజుకు నాలుగు మెసేజ్‌లకు 10. మొత్తం 58. అదే 2000 ఎంఏహెచ్ సెల్ ఒక్క రోజు నుంచి నెల దాటింది, 34 రోజులు. బ్యాటరీ పెద్దది కొనలే, తిండి తగ్గించిన.

చార్జింగ్‌కు టీపీ4056 బోర్డు వాడిన, చిన్న నీలం ముక్క. అందులో రెండు రకాలు ఉంటయి. సెల్‌కు, అవుట్‌పుట్‌కు వేరువేరు రంధ్రాలు ఉన్నదాంట్లోనే ప్రొటెక్షన్ ఉంటది, అదే తీసుకోండి. ఇంకోటి, సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చెయ్యకండి. హోల్డర్ పదో ఇరవయ్యో ఉంటది.

ఇగ అయిపోయింది అనుకున్న. మే వచ్చింది.

నిజామాబాద్ ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. బయటనే 45 అంటే, రేకుల షెడ్డు లోపల ప్లాస్టిక్ డబ్బాలో ఎంత ఉంటదో ఆలోచించండి. లిథియం అయాన్ సెల్‌ను 45 డిగ్రీలు దాటితే చార్జ్ చెయ్యొద్దని కంపెనీ వాళ్ల షీట్‌లోనే ఉంటది. టీపీ4056కు ఉష్ణోగ్రత చూసే పిన్ ఉంది గానీ, అగ్గువ బోర్డుల మీద దాన్ని వాడకుండా కలిపేస్తరు. ఒక మధ్యాహ్నం డబ్బా తెరిచి ముట్టుకుంటే సెల్ చురుక్కుమంది. పక్కన వరిగడ్డి కుప్ప. నాకు ఒళ్లు జలదరించింది. పాము నుంచి మామను తప్పించబోయి షెడ్డుకు నిప్పు పెట్టేటోడిని. సెల్ ఉబ్బినా, కాలుతున్నా, తీయటి వాసన వచ్చినా, దాన్ని ఇంట్ల పెట్టుకోవద్దు, చెత్తకుప్పలో వెయ్యొద్దు. ఆరుబయట ఇసుకలో పెట్టండి.

అప్పుడు లిథియం ఫెర్రో ఫాస్ఫేట్ గురించి చదివిన. 2019లో కెమిస్ట్రీ నోబెల్ లిథియం అయాన్ మీద పనిచేసిన ముగ్గురికి వచ్చింది, గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో. అందులో గుడినఫ్ ల్యాబ్ నుంచి 1990లలో వచ్చిందే ఈ రకం. వేడికి ఓర్చుకుంటది, తొందరగా మంట పట్టుకోదు. దాని వోల్టేజ్ 3.2, కాబట్టి ఈఎస్‌పీ32 ఒక్కదానికే అయితే రెగ్యులేటర్ కూడా లేకుండా 3.3 పిన్‌కు నేరుగా ఇయ్యొచ్చు. మట్టి తేమ కొలిచే పనికి, వైఫై ఉన్న కాడ, నేనైతే అదే వాడుత. చార్జర్ మాత్రం మారుతది, టీపీ4056 4.2 దాకా ఎక్కిస్తది, దీనికి 3.6 దగ్గర ఆగాలె. నా పనికి మాత్రం కుదరలే. సిమ్800ఎల్‌కు 3.4 కావాలని చెప్పిన కదా, ఇది 3.2 దగ్గర ఉంటది. దగ్గరికి వచ్చి తప్పిపోయింది.

నేను ఇట్ల తల పట్టుకొని కూసుంటే మామ వచ్చిండు. "ఎందుకురా అల్లుడా గింత తిప్పల? మందు కొట్టే పంపు బ్యాటరీ మూలకు పడి ఉంది గదా, గది పెట్టరాదు?" అన్నడు. నేను ముందు కొట్టిపారేసిన. "అది పాడైంది కదా మామా" అన్న. "పంపుకు పాడైంది. నీ డబ్బాకు ఎందుకు పాడైతది?" అన్నడు.

ఆలోచిస్తే కరెక్టే కదా! బ్యాటరీ పంపులో ఉండేది 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్ లెడ్ యాసిడ్. కొత్తప్పుడు పొద్దంతా మందు కొట్టేది, ఇప్పుడు గంటకే చేతులెత్తేస్తది, అందుకే పక్కన పడేసిండ్రు. పంపు మోటరు ఆంపియర్లలో లాగుతది, నా బోర్డు మిల్లీ ఆంపియర్లలో. చిన్న బల్బు పెట్టి మెల్లగా దించి కొలిచిన, ఇంకా రెండున్నర ఆంపియర్ అవర్ ఉంది. 12 వోల్టులను 4కు దించడానికి ఎల్ఎం2596 బక్ కన్వర్టర్ పెట్టిన. తమాషా ఏందంటే, ఆ కన్వర్టర్ ఒక్కటే బోర్డు మొత్తం కంటే ఎక్కువ తింటది. అంతా కలిపి 8 మిల్లీ ఆంపియర్ దగ్గర ఉంది. 2500ని 8తో భాగిస్తే 312 గంటలు, పదమూడు రోజులు. లిథియం మీద నెల వచ్చేది, దీని మీద రెండు వారాలు కూడా లేదు. అయినా దీన్నే ఉంచిన. చార్జింగ్ షెడ్డులో పెట్టలే, ఎండ భయం లేదు. చార్జర్ ఇంట్లనే ఉంది, పంపుతో వచ్చిందే. పైసా ఖర్చు కాలే. అన్నిటికంటే ముఖ్యం, అది పాడైతే మామకు తెలుసు ఏం చెయ్యాల్నో, నాకు ఫోన్ చెయ్యాల్సిన పని లేదు.

ఒక్కటి అదనంగా పెట్టిన. బ్యాటరీ వోల్టేజ్‌ని రెసిస్టర్లతో తగ్గించి బోర్డుకు చూపిస్తున్న, 12 నేరుగా పిన్‌కు ఇస్తే చిప్పు మాడిపోతది. 11.8కి దిగితే "బ్యాటరీ తీస్కపో" అని మెసేజ్ వస్తది. లెడ్ యాసిడ్‌ను పూర్తిగా ఖాళీ చేస్తే మళ్లీ లేవదు, అందుకని. ఆ మెసేజ్ ఇప్పటిదాకా ఒక్కసారి కూడా రాలే, ఎందుకంటే మా అత్త ప్రతి ఆదివారం దాన్ని ఇంటికి తెప్పించి చార్జింగ్ పెడుతున్నది.

మొన్న గాలివానకు రాత్రి 9:40కి కరెంట్ పోయింది, 2:15కి వచ్చింది. రెండు మెసేజ్‌లూ వచ్చినయి. రెండోది మామ పొద్దున లేచినాక చూసుకున్నడు.

వచ్చే ఎపిసోడ్‌లో ఇదే బ్యాటరీకి చిన్న సోలార్ పలక తగిలిస్తే ఏమైతదో చూద్దాం. ఉంటా మరి.